వెక్స్‌ఫర్డ్ పిల్ల నాక్స్‌విల్ ఎలా చేరింది?

కంట్రీ మ్యూజిక్ అనగానే మనవాళ్ళలో చాలామంది కారు రేడియోలో స్టేషను మార్చేస్తారు. పెద్ద టోపీలు, పికప్ ట్రక్కులు, తాగుబోతు మొగుళ్ళు, విడిచిపోయిన పెళ్ళాలు – ఇంతకుమించి ఆ పాటల్లో ఏముందండీ అని అడుగుతారు. నేను ముప్ఫై ఏళ్ళకి పైగా తూర్పు టెనెసీలో కాపురం ఉంటున్నవాణ్ణి కనక ఆ పాటలనుంచి తప్పించుకునే వీలు నాకు లేకపోయింది. క్షౌరశాలలో అవే, డాక్టరుగారి వెయిటింగ్ రూములో అవే, గ్యాస్ స్టేషనులో అవే. వినగా వినగా చెవికి అలవాటయ్యాయి. అలవాటయ్యాక కుతూహలం పుట్టింది. ఆ కుతూహలం నాచేత చాలా పుస్తకాలు చదివించింది, కొన్ని మ్యూజియముల చుట్టూ తిప్పింది, చివరికి ఒక వేసవిలో ఐర్లండు దాకా తీసుకెళ్ళింది. అలా పోగుచేసుకున్న సంగతుల్లో కొన్ని మీ ముందు పెడదామని ఈ వ్యాసం.

‘కంట్రీ మ్యూజిక్ ఐర్లండు నుంచి వచ్చింది’ అని ఇక్కడి టూరిస్టు గైడ్లు ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అది అబద్ధం కాదు. కానీ ఆ ఒక్క ముక్కలో ఇమడని కథ చాలా ఉంది. ఐర్లండు నుంచి వచ్చింది ఒక గుంపు కాదు, రెండు. వాళ్ళిద్దరికీ ఒకరంటే ఒకరికి పడదు. పాట ప్రయాణం కూడా ఒక్క దిక్కుగా సాగలేదు. ఇక్కడినుంచి అక్కడికి తిరిగి వెళ్ళింది కూడా చాలా ఉంది. పైపెచ్చు ఆ దారిలో ఆఫ్రికా నుంచి సంకెళ్ళు వేసి తెచ్చిన మనుషుల చెయ్యి ఒకటి ఉంది. చాలాకాలం దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

మా ఊరి పేరుమీదే ఉన్న ఒక పాటతో మొదలుపెడతాను. ‘నాక్స్‌విల్ గర్ల్’ అని. 1956లో లూవిన్ బ్రదర్స్ అనే అన్నదమ్ములు దాన్ని రికార్డు చేశారు. వినడానికి ఎంత తీయగా ఉంటుందో, కథ అంత ఘోరం. ఒక కుర్రవాడు తను ప్రేమించిన పిల్లని సాయంత్రంపూట షికారుకి తీసుకెళ్ళి, కర్రతో కొట్టి చంపి, ఏట్లో పారేస్తాడు. ఇంటికొచ్చాక తల్లి వాడి బట్టలమీద నెత్తురు చూసి ఏమిటని అడిగితే ముక్కులోంచి కారిందంటాడు. చివరికి జైలు పాలవుతాడు. ఎందుకు చంపాడో పాటలో ఎక్కడా సరిగ్గా తెలియదు. అన్నదమ్ములిద్దరూ గొంతులు కలిపి ఏ ఉద్వేగమూ లేకుండా, వాతావరణ సూచన చదివినట్టు పాడుకుంటూ పోతారు. మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది.

ఇదేదో నాక్స్‌విల్‌లో నిజంగా జరిగిన హత్యే అనుకునేవాళ్ళు ఇప్పటికీ ఇక్కడ ఉన్నారు. కానీ ఇదే కథ, ఇదే ముక్కు నెత్తురు, ఐర్లండులో ‘వెక్స్‌ఫర్డ్ గర్ల్’ పాటలో ఉంది. వెక్స్‌ఫర్డ్ ఐర్లండు ఆగ్నేయ తీరంలో ఉన్న ఊరు. ఇంకాస్త వెనక్కి వెళితే ఇంగ్లండులో ‘ఆక్స్‌ఫర్డ్ గర్ల్’. అంతకు ముందు, 18వ శతాబ్దంలో కరపత్రాలమీద అచ్చువేసి వీధుల్లో పైసా పరకా ఖరీదుకి అమ్మిన ‘బెర్క్‌షైర్ ట్రాజెడీ’ అనే పొడుగాటి పాట. అందులో హంతకుడు ఒక మిల్లులో పనివాడు. ఆ కరపత్రపు పాట నలభైకి పైగా చరణాలు. సముద్రం దాటి, కొండలెక్కి, నోటినుంచి నోటికి మారేసరికి దాని నీతిబోధలన్నీ ఊడిపోయాయి. కర్ర, ఏరు, నెత్తురు, తల్లి – ఇవే మిగిలాయి. నోటిపాట చేసే పనే అది. అక్కరలేనిదాన్ని జల్లెడ పట్టేస్తుంది, ఊరి పేరు మాత్రం ఎక్కడ పాడితే అక్కడిది పెట్టుకుంటుంది. చనిపోయిన పిల్ల ఎప్పుడూ పక్కవీధి పిల్లే అవ్వాలి మరి.

ఇంతకీ ఈ పాటల్ని మోసుకొచ్చింది ఎవరు? ఇక్కడే ఆ రెండు గుంపుల సంగతి చెప్పాలి.

17వ శతాబ్దం మొదట్లో ఇంగ్లండు రాజు ఐర్లండు ఉత్తరభాగమైన అల్‌స్టర్‌లో అక్కడి కాథలిక్కుల భూములు లాక్కుని, స్కాట్లండు నుంచీ ఇంగ్లండు నుంచీ ప్రొటెస్టెంట్లని తెచ్చి నాటాడు. నిజంగానే మొక్కలు నాటినట్టే – దానికి ‘ప్లాంటేషన్’ అనే పేరు. ఆ స్కాట్లండు వాళ్ళు అక్కడ నాలుగైదు తరాలున్నారు. తరవాత కౌలు పెరిగింది, నార బట్టల వ్యాపారం దెబ్బతింది, వాళ్ళు ప్రెస్బిటీరియన్లు కావడంతో ఉద్యోగాలకి అడ్డంకులు వచ్చాయి. 1718 నుంచి 1775 దాకా లక్షమందికి పైగా ఓడలెక్కి అమెరికా వచ్చారు. ఫిలడెల్ఫియా చుట్టుపక్కల మంచి భూములు అప్పటికే జర్మన్లూ క్వేకర్లూ తీసేసుకున్నారు. అంచేత వీళ్ళు బళ్ళు కట్టుకుని నైరుతి దిక్కుగా షెనండోవా లోయ వెంట వర్జీనియాలోకి, కరొలైనాల్లోకి దిగారు. కంబర్లండ్ కనుమ దాటి కెంటకీ, టెనెసీ కొండలు పట్టారు. అప్పటికే అక్కడ ఉన్న చెరోకీల భూములు పోయింది ఈ క్రమంలోనే అన్న సంగతి మనం మరిచిపోకూడదు. ఒకచోట భూమిలేక వచ్చినవాళ్ళు మరొకచోట ఇంకొకళ్ళకి భూమి లేకుండా చేశారు.

ఇక రెండో గుంపు. 1845 నుంచి 1852 దాకా ఐర్లండులో బంగాళాదుంప పంటకి తెగులు సోకి మహా కరువు వచ్చింది. సుమారు పది లక్షలమంది చచ్చిపోయారు, మరో పది లక్షలకి పైగా దేశం వదిలిపోయారు. వీళ్ళలో ఎక్కువమంది కాథలిక్కులు, చాలామంది ఐరిష్ భాష మాట్లాడేవాళ్ళు. వీళ్ళు కొండలకి వెళ్ళలేదు. చేతిలో డబ్బు లేదు, దిగిన రేవుల్లోనే ఆగిపోయారు – బోస్టన్, న్యూయార్క్, తరవాత షికాగో.

మొదటి గుంపు తమని తాము మామూలుగా ‘ఐరిష్’ అనే చెప్పుకునేవారు. చింకిపాతలతో రెండో గుంపు దిగాక, ‘మేం వాళ్ళం కాదు, మేం స్కాచ్-ఐరిష్’ అని వేరు చేసి చెప్పుకోవడం ఎక్కువైంది. ముందొచ్చినవాడు వెనకొచ్చినవాణ్ణి చూసి మొహం తిప్పుకోవడం ప్రవాసుల్లో కొత్తేమీ కాదు. మన సంఘాల చరిత్ర తెలిసినవాళ్ళకి నేను వివరించనక్కరలేదు. కంట్రీ మ్యూజిక్‌కి మూలం ప్రధానంగా ఆ మొదటి గుంపు. ఇవాళ మనం పబ్బుల్లో వినే ‘ఐరిష్ ట్రెడిషనల్’ సంగీతానికి మూలం రెండో గుంపూ, వాళ్ళు వదిలివచ్చిన పల్లెలూ. అంటే కంట్రీ ఐరిష్ సంగీతానికి కూతురు కాదు. పెత్తల్లి బిడ్డ అంటే సరిపోతుంది.

కొండల్లోకి చేరిన పాటల్ని నిలబెట్టింది ఎక్కువగా ఆడవాళ్ళు. వాద్యం లేకుండా, ఒంటరి గొంతుతో, మజ్జిగ చిలుకుతూనో మగ్గంముందు కూచునో పాడినవి. హార్వర్డ్ ప్రొఫెసరు ఫ్రాన్సిస్ జేమ్స్ చైల్డ్ 1882 నుంచి 1898 దాకా అచ్చువేసిన పెద్ద గ్రంథంలో 305 ఇంగ్లీషు, స్కాటిష్ కథాగేయాలు పోగుచేశాడు. ఆయన ఎక్కువగా వెతికింది రాతప్రతుల్లో. వాటిలో చాలా పాటలు తన దేశంలోనే, కొండల్లో, ఇంకా బతికే ఉన్నాయి. ఆ పని ఒలివ్ డేమ్ క్యాంబెల్ అనే ఆవిడ మొదలుపెట్టింది. భర్తతో కలిసి కొండల్లో తిరుగుతూ 1908 ప్రాంతంనుంచి పాటలు రాసుకుంది. ఆవిడ కాగితాలు చూసి ఇంగ్లండునుంచి సెసిల్ షార్ప్ వచ్చాడు. 1916 నుంచి 1918 మధ్య తన సహాయకురాలు మాడ్ కార్పెలెస్‌తో కలిసి, ఆస్తమాతో రొప్పుతూ, మొత్తం 46 వారాలు తిరిగాడు. 281 మంది పాడగా 1,612 బాణీలు రాసుకున్నాడు. నార్త్ కరొలైనాలో హాట్ స్ప్రింగ్స్ అనే చిన్న ఊళ్ళో జేన్ హిక్స్ జెంట్రీ అనే ఒక్కావిడే డెబ్భై దాకా పాడింది.

షార్ప్ చేసిన మేలు అంతా ఇంతా కాదు. కానీ ఆయన కళ్ళకి గంతలున్నాయి. ఆయనకి కావలసింది పాత ఇంగ్లండు. ఆ కొండల్లో ఉన్న నల్లవాళ్ళ పాటలు ఆయనకి అక్కరలేదు. చర్చి పాటలూ పెద్దగా అక్కరలేదు. బాంజో మోగుతుంటే చెవి పెట్టలేదు. పుస్తకానికి ‘ఇంగ్లీషు’ జానపద గీతాలనే పేరు పెట్టాడు. అందులో స్కాటిష్ ఎంతో, ఐరిష్ ఎంతో తేల్చడం ఎవరి తరమూ కాదు. ‘బార్బరా ఆలెన్’ పాటనే తీసుకోండి. 1666 జనవరిలో సామ్యూల్ పీప్స్ తన డైరీలో లండన్‌లో అది విన్నానని రాసుకున్నాడు. అది స్కాట్లండులోనూ ఉంది, ఐర్లండులోనూ ఉంది, కెంటకీలో ప్రతి లోయలోనూ ఒక్కో వరసలో ఉంది. దానికి పాస్‌పోర్టు ఏ దేశం ఇస్తుంది?

సంగీతం తెలిసిన మిత్రులకోసం ఒక్క పేరా. పాత ఐరిష్ బాణీలూ, పాత అపలాచియన్ బాణీలూ వింటే మన చెవికి అవి పియానో సంగీతంకంటే దగ్గరగా తోస్తాయి. కారణం ఉంది. వీటిలో చాలావాటికి తీగల కింద శ్రుతి ఒకటి ఆగకుండా మోగుతూ ఉంటుంది. ఐరిష్ పైపుల్లో దానికోసం ప్రత్యేకంగా గొట్టాలుంటాయి, బాంజో అయిదో తీగ ఆ పనే చేస్తుంది, కొండ ఫిడేలువాడు పక్క తీగని కూడా కమానుతో కలిపి లాగుతాడు. మన తంబురా చేసే పనే. ఇక స్వరాలు చూస్తే ‘ఓల్డ్ జో క్లార్క్’ అనే ఫిడేలు బాణీ హరికాంభోజి స్వరాలమీద నడుస్తుంది. ‘స్కార్‌బరో ఫెయిర్’ ఖరహరప్రియ. ‘అమేజింగ్ గ్రేస్’ అచ్చంగా మోహన స్వరాలు. స్వరాలు అంటున్నాను, రాగం అనడంలేదు. పండితులు నామీదికి రావద్దు. ఐరిష్ వాళ్ళకి రీలు నాలుగు దెబ్బల నడక, జిగ్గు తిశ్రంలో ఊగే నడక. రెండూ సమానంగా ఉంటాయి. కొండలకొచ్చేసరికి జిగ్గులు దాదాపు పూర్తిగా మాయమయ్యాయి, రీళ్ళు మిగిలాయి. మిగిలిన రీళ్ళకి కూడా నడకలో ఒక కొత్త తూగు వచ్చింది. ఆ తూగు అల్‌స్టర్‌లో లేదు.

అది బాంజో పక్కన కూచోవడంవల్ల వచ్చింది. బాంజో ఆఫ్రికా బిడ్డ. సొరకాయ బుర్రకి తోలు బిగించి, తీగలు కట్టి వాయించే వాద్యాలు పశ్చిమాఫ్రికాలో ఇవాళ్టికీ ఉన్నాయి. వాటి జ్ఞాపకంతోనే ఇక్కడి బానిసలు దాన్ని చేసుకున్నారు. దక్షిణాది తోటల్లో దొరలు నాట్యమాడే విందులకి ఫిడేలు వాయించిందీ చాలావరకు నల్లవాళ్ళే. 1830లలో జోయెల్ స్వీనీ అనే వర్జీనియా తెల్లవాడు – అతని పూర్వులు ఐరిష్ వాళ్ళే – బాంజో నల్లవాళ్ళ దగ్గర నేర్చుకుని, మొహానికి మసి పూసుకుని వేదికలెక్కాడు. 1840లలో దాన్ని బ్రిటనుకీ ఐర్లండుకీ పట్టుకెళ్ళి ఊరూరా వాయించాడు. తరవాత దాని నాలుగు తీగల తమ్ముడు ఐరిష్ సంగీతంలో స్థిరపడ్డాడు. డబ్లినర్స్ బృందంలో బార్నీ మెకెన్నా వాయించాక అది ఐరిష్ వాద్యమేనని లోకం అనుకోవడం మొదలుపెట్టింది. ఇవాళ డబ్లిన్‌లో పబ్బుకెళ్ళి బాంజో వింటూ ‘ఆహా, ప్రాచీన ఐర్లండు’ అని తలూపే టూరిస్టులకి ఇది ఎవరైనా చెబితే బాగుండును.

ఇదంతా కలగలిసిన పాటని విడదీసింది గ్రామఫోను కంపెనీలు. 1923లో ఓకే కంపెనీ తరఫున రాల్ఫ్ పీర్ అట్లాంటా వచ్చి ఫిడ్లిన్ జాన్ కార్సన్‌ని రికార్డు చేశాడు. ఆయన పాట పీర్‌కి ఏమాత్రం నచ్చలేదు. కానీ స్థానిక వ్యాపారి పోల్క్ బ్రాక్‌మన్ పట్టుబట్టి 500 కాపీలు కొన్నాడు, అవి చిటికెలో అయిపోయాయి. 1927 వేసవిలో అదే పీర్ విక్టర్ కంపెనీ కోసం బ్రిస్టల్ వచ్చాడు. ఆ ఊరి నడివీధికి ఒకవైపు టెనెసీ, రెండోవైపు వర్జీనియా. రెండు వారాలపాటు జరిగిన ఆ రికార్డింగుల్లోనే కార్టర్ కుటుంబమూ, జిమ్మీ రాడ్జర్సూ లోకానికి తెలిశారు. ఇప్పుడక్కడ మ్యూజియం ఉంది. మా ఇంటినుంచి రెండు గంటల ప్రయాణం. స్మోకీ కొండలకి చుట్టాల్ని తిప్పేవాళ్ళు ఆ ఊరు కూడా చూపిస్తే బాగుంటుంది.

కంపెనీలు ఈ రికార్డుల్ని రెండు జాబితాలుగా అమ్మాయి. తెల్లవాళ్ళు పాడినవి ‘హిల్‌బిల్లీ’, నల్లవాళ్ళు పాడినవి ‘రేస్ రికార్డ్స్’. పాట ఒకటే అయినా పాడినవాడి రంగునిబట్టి జాబితా. 1949లో బిల్‌బోర్డ్ పత్రిక పేర్లు మార్చి ‘కంట్రీ అండ్ వెస్టర్న్’, ‘రిథమ్ అండ్ బ్లూస్’ అంది. గోడ మాత్రం అలాగే ఉంది. కార్టర్ కుటుంబపెద్ద ఎ. పి. కార్టర్ పాటలకోసం కొండల్లో ఊరూరా తిరిగేవాడు. మాటలు రాసుకునేవాడు గాని వరస గుర్తుండేది కాదు. వరస గుర్తుపెట్టుకుని ఇంటికి తెచ్చి సారాకీ మేబెల్‌కీ వినిపించినవాడు ఆయన వెంట తిరిగిన లెస్లీ రిడిల్ అనే నల్ల గిటారు వాద్యకారుడు. ఒక కాలు లేనివాడు. రికార్డులమీద ఆయన పేరు లేదు. ‘అచ్చమైన తెల్లవాళ్ళ కొండపాట’ అని జనం నెత్తిన పెట్టుకున్నదాన్ని సగం గుర్తుపెట్టుకున్నది ఆయన చెవి.

కొండల్ని వదిలి ఇప్పుడు నగరాలకి, రెండో గుంపు దగ్గరికి వెళదాం. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే ఇష్టమైన మనిషి అక్కడున్నాడు: షికాగో పోలీసు చీఫ్ ఫ్రాన్సిస్ ఓనీల్. 1848లో కోర్క్ జిల్లా ట్రాలిబేన్‌లో, కరువు నడుమ పుట్టాడు. పదహారేళ్ళకి ఓడెక్కి పారిపోయాడు, పసిఫిక్‌లో ఓడ పగిలి బతికి బయటపడ్డాడు, చివరికి 1873లో షికాగో పోలీసుల్లో చేరాడు. చేరిన కొత్తలోనే ఒక దొంగ పేల్చిన గుండు వెన్ను దగ్గర దిగి, జీవితాంతం అక్కడే ఉండిపోయింది. 1901 నుంచి 1905 దాకా ఆ నగరానికి పోలీసు చీఫ్. వేణువు వాయించేవాడు. వేలకొద్దీ బాణీలు తలలో ఉన్నాయి గాని స్వరం రాయడం రాదు. తన కింద పనిచేసే జేమ్స్ ఓనీల్ ఫిడేలు వాయిస్తాడు, స్వరం రాయగలడు. ఈయన పాడడం, ఆయన రాయడం. మంచి పైపరో ఫిడ్లరో ఓడ దిగాడంటే ఓనీల్ దొర వాడికి పోలీసు ఉద్యోగం వేయించేవాడని చెప్పుకుంటారు. 1903లో 1,850 బాణీలతో ఒక పుస్తకం, 1907లో 1,001 నాట్యబాణీలతో మరొకటి వేశాడు. ఐర్లండులో సంగీతకారులు ఇవాళ్టికీ ‘ది బుక్’ అంటే ఆ రెండో పుస్తకమే. ఒక దేశపు సంగీతానికి ప్రమాణగ్రంథం మూడున్నరవేల మైళ్ళ అవతల, ఒక పోలీసు స్టేషనువాళ్ళ చేతుల్లో తయారైంది.

ఓనీల్ కాగితంమీద చేసింది, న్యూయార్క్‌లో ఎలెన్ ఓబర్న్ డివిట్ అనే దుకాణదారు లక్కమీద చేయించింది. ఆవిడ కొట్టుకి వచ్చే ఐరిష్ పనిమనుషులూ కూలీలూ తమ ఊరి నాట్యబాణీల రికార్డులు అడిగేవారు. అసలు సరుకు లేదు. 1916లో ఆవిడ కొలంబియా కంపెనీకి వెళ్ళి, రికార్డు చేస్తే 500 కాపీలు నేనే కొంటానంది. అకార్డియనుమీద ఎడ్డీ హెర్బోర్న్, బాంజోమీద జేమ్స్ వీలర్. అవీ క్షణాల్లో అయిపోయాయి. అట్లాంటాలో బ్రాక్‌మన్ బేరం కూడా సరిగ్గా 500 కాపీలేనని గుర్తుందా? ఒకే దేశంలో, ఏడేళ్ళ తేడాలో, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ఇద్దరు చిల్లర వ్యాపారులు రెండు సంగీతాలకి తలుపు తీశారు. కంపెనీలవాళ్ళకి తెలియనిది వాళ్ళకి తెలుసు: ఇల్లు వదిలివచ్చినవాడు ఇంటి చప్పుడుకి డబ్బు పెడతాడు.

ఆ తలుపులోంచి వచ్చినవాడు మైకేల్ కోల్‌మన్. స్లైగో జిల్లా కిల్లావిల్‌లో పుట్టి 1914లో అమెరికా వచ్చాడు. 1921 నుంచి 1936 దాకా న్యూయార్క్‌లో వాయించిన రికార్డులు బంధువుల పార్సెళ్ళలో ఐర్లండు పల్లెలకి చేరాయి. వాటిని విన్న పల్లె ఫిడ్లర్లు కొందరు ఫిడేలు గోడకి తగిలించేశారట, ఇంత బాగా మనవల్ల కాదని. మిగిలినవాళ్ళు కోల్‌మన్ ఎలా వాయిస్తే అలాగే వాయించడం మొదలుపెట్టారు. చాలా జిల్లాల్లో సొంత బాణీ పలచబడి అందరూ స్లైగో పద్ధతికి వచ్చారు. ఇవాళ ‘స్వచ్ఛమైన ఐరిష్’ అని వినిపించే వాయింపులో ఎంతో భాగం మాన్‌హాటన్ స్టూడియో నుంచి వెళ్ళింది. ఇది లాభమా నష్టమా అని నన్నడిగితే, రెండూ అంటాను. పోయిన ఊరి యాసలు మళ్ళీ రావు.

కోల్‌మన్ రికార్డు చేసిన బాణీల్లో ‘లార్డ్ మెక్‌డొనాల్డ్’ ఒకటి. అది 18వ శతాబ్దపు స్కాటిష్ రీలు. అల్‌స్టర్ దాటి అమెరికా దక్షిణాదికి వచ్చి అదే ‘లెదర్ బ్రిచెస్’ అయింది, అంటే తోలు లాగు. దొరగారు కాస్తా లాగు అయిపోయాడు. కానీ అసలు సంగతి అది కాదు. మదరాసులో ఈస్టిండియా కంపెనీ కోటలో బ్యాండువాళ్ళు ఇలాంటి బాణీలే వాయించేవారు. ఆ రోజుల్లో దగ్గర్లోని మణలిలో ఉన్న ముత్తుస్వామి దీక్షితార్ వాటిని విని, సంస్కృత సాహిత్యం కట్టారు. అవే మన పిల్లలు నేర్చుకునే నొట్టుస్వరాలు. సుమారు నలభై ఉన్నాయి. వాటిలో ఒకటి ఈ లార్డ్ మెక్‌డొనాల్డ్ రీలుమీద కట్టిందే. ఆయన తమ్ముడు బాలుస్వామి అక్కడే తెల్లవాళ్ళ దగ్గర ఫిడేలు నేర్చుకుని కర్ణాటక సంగీతంలోకి తెచ్చాడు. ఆ తరవాతే మనకి విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారు. ఇంగ్లీషులో ఒకే వాద్యాన్ని కచేరీలో వయొలిన్ అనీ కొట్టంలో ఫిడిల్ అనీ అంటారు. మనం మాత్రం నాయుడుగారి చేతిలో ఉన్నా ‘ఫిడేలు’ అనే అన్నాం. మన భాషలో దానికి చిన్నతనం లేదు.

ఆ తరవాత సంగతులు త్వరగా చెప్పేస్తాను. 1963లో జిమ్ రీవ్స్ ఐర్లండులో ఊరూరా తిరిగి పాడాడు – రేడియో సిలోన్ పుణ్యమా అని మన దేశంలో కూడా ఎందరో ఇష్టపడిన ఆ జిమ్ రీవ్సే. మరుసటేడు విమానం కూలి పోయాడు. అతని పేర లారీ కనింగ్‌హామ్ పాడిన నివాళి ఐర్లండంతా మోగింది. ‘కంట్రీ అండ్ ఐరిష్’ అని ఒక కొత్త రకమే పుట్టి ఇప్పటికీ పల్లెల్లో నడుస్తోంది. నాకైతే అందులో పాకం ఎక్కువ. 1994లో డాలీ పార్టన్ తన ఊరి దగ్గరే చేసిన రికార్డులో ‘బార్బరా ఆలెన్’ పాడింది. డోనిగల్ నుంచి వచ్చిన ఆల్టాన్ బృందం దాన్ని ఐరిష్ భాషలో అందుకుంది. అది మాత్రం తప్పక వినండి. నార్త్ కరొలైనాకి చెందిన రియానన్ గిడెన్స్, జో థాంప్సన్ అనే పెద్దాయన దగ్గర నల్లవాళ్ళ ఫిడేలు-బాంజో సంప్రదాయం నేర్చుకుంది. ఆయన 2012లో పోయారు. ఆవిడ చాలా ఏళ్ళు ఐర్లండులో లిమరిక్‌లో ఉంది. 2024లో బియాన్సే పాట కంట్రీ జాబితాలో పైకెక్కి, నల్లవాళ్ళకి కంట్రీతో ఏం పని అని కొందరు గొడవ చేసినప్పుడు, ఆ పాటలో బాంజో వాయించింది ఈ గిడెన్సే.

ఒక్క మనిషి గురించి చెప్పి ముగిస్తాను. జీన్ రిచీ. 1922లో కెంటకీలో వైపర్ అనే ఊళ్ళో పద్నాలుగురు పిల్లల్లో ఆఖరిది. ఆ ఇంటి అక్కలు షార్ప్‌కి పాడినవాళ్ళు. 1952లో ఫుల్‌బ్రైట్ వేతనంమీద తన ఇంటి పాటలకి మూలం వెతుక్కుంటూ బ్రిటన్, ఐర్లండు వెళ్ళింది. ‘మీకు పాత పాటలు వచ్చా?’ అని అడిగితే జనం రేడియో పాటలేవో పాడేవారట. అప్పుడావిడ అలా అడగడం మానేసి, ‘బార్బరా ఆలెన్ వచ్చా?’ అనడం మొదలుపెట్టింది. అంతే, వంటింట్లోంచి పాటలు వాటంతటవే వచ్చాయి. ఆర్మా జిల్లా కీడీలో శారా మేకెమ్ లాంటివాళ్ళ పాటలు ఆ ప్రయాణంలోనే టేపుకెక్కాయి.

ఆ చిట్కా నేను మా అత్తగారిమీద ప్రయోగించాను. ఆవిడ ఇక్కడికి వచ్చి మూడు నెలలయింది. “పాత పాటలేమైనా పాడండి అత్తయ్యగారూ” అని రెండుసార్లు అడిగితే, “నాకేం వచ్చు బాబూ” అని, మరీ అడిగితే ఘంటసాల పాట ఒకటి అందుకున్నారు. మూడోసారి అడగలేదు. ఫోనులో రికార్డింగు నొక్కి బల్లమీద పెట్టి, ఊర్మిళాదేవి నిద్ర పాటలో నాకు తెలిసిన రెండు ముక్కల్ని, కావాలనే వరస చెడగొట్టి కూనిరాగం తీశాను. చిక్కుడుకాయలు ఒలుస్తున్న చెయ్యి ఆగింది. “అదలా కాదు బాబూ” అన్నారావిడ. నలభై నిమిషాలు వచ్చింది. మధ్యలో రెండుచోట్ల మా మనవడు డిష్‌వాషర్ తలుపు వేసిన చప్పుడు కూడా పడింది.